మీ బిడ్డ అజాన్ విన్నాడా?

 



మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టగానే మొదట జరిగే పని ఏమిటి? స్నానం చేయించి, శుభ్రమైన గుడ్డలో చుట్టి తెచ్చిన పసికందు కుడి చెవిలో తండ్రో, తాతో, మస్జిద్ ఇమామ్ సాహెబో అజాన్ పలుకుతారు. హజ్రత్ హసన్ (రజి) జన్మించినప్పుడు దైవప్రవక్త (స) ఆయన చెవిలో అజాన్ పలికారని అబూ రాఫె (రజి) చేసిన ఉల్లేఖనం అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. దాని బలాబలాల గురించి హదీసువేత్తలు చర్చించినా, ముస్లిం సమాజం తరతరాలుగా ఈ ఆచారాన్ని పాటిస్తూనే ఉంది. ఈ లోకంలో బిడ్డ చెవిన పడే తొలి మాట అల్లాహ్ గొప్పతనాన్ని చాటే మాట కావాలన్నది మన కోరిక.

అజాన్ అయిపోతుంది. మిఠాయిలు పంచుకుంటాం. కానీ ఆ తర్వాత మనలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ అజాన్‌ను బిడ్డ విన్నాడా? ఆ చెవికి వినిపించిందా?

ఇది విచిత్రమైన ప్రశ్నగా తోచవచ్చు. కానీ ప్రతి వెయ్యి మంది నవజాత శిశువుల్లో కొందరు తీవ్రమైన వినికిడి లోపంతో పుడుతున్నారని వైద్యులు చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, చికిత్స లేదా సహాయం అవసరమయ్యేంత వినికిడి లోపం ఉన్నవారు ప్రపంచంలో 43 కోట్ల మంది. వారిలో పిల్లలే దాదాపు 3 కోట్ల 40 లక్షల మంది. పిల్లల్లో కనిపించే వినికిడి లోపంలో సుమారు 60 శాతం నివారించదగినదేనని కూడా ఆ సంస్థ చెప్పింది. అంటే సగానికి పైగా మన చేతుల్లోనే ఉందన్నమాట. అందుకే ఈ నెల ఈ విషయాన్ని ధర్మం వెలుగులో కాస్త వివరంగా ఆలోచిద్దాం.

వినికిడి ఒక అమానతు

దివ్యఖుర్ఆన్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేసేటప్పుడు వినికిడిని పదేపదే ప్రస్తావించాడు. ఏమీ తెలియని స్థితిలో మిమ్మల్ని తల్లుల గర్భాల నుంచి బయటికి తీసి, మీకు వినే శక్తిని, చూసే శక్తిని, ఆలోచించే హృదయాలను ఇచ్చాము, మీరు కృతజ్ఞులవుతారని ఇలా చేశాము అన్న భావం సూరా నహ్ల్ (16:78)లో ఉంది. సూరా సజ్దా (32:9)లోనూ, సూరా ముల్క్ (67:23)లోనూ ఇదే వరుస. ముందు వినికిడి, తరువాత చూపు, ఆ తరువాత హృదయం. మనిషి పుట్టుక విషయంలోనూ ఈ వరుసను గమనించవచ్చు. తల్లి కడుపులో అయిదారు నెలలు నిండేసరికి శిశువు శబ్దాలను వినడం మొదలుపెడతాడు. తల్లి గొంతును కడుపులోనే గుర్తుపెట్టుకుంటాడు. చూపు స్పష్టమవడానికి మాత్రం పుట్టిన తరువాత నెలలు పడుతుంది.

సూరా బనీ ఇస్రాయీల్ (17:36) మరో హెచ్చరిక చేస్తున్నది. చెవి, కన్ను, హృదయం, వీటన్నిటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని. ఈ ఆయతును మనం సాధారణంగా ఎలా అర్థం చేసుకుంటాం? చాడీలు వినకూడదు, అశ్లీలమైన పాటలు వినకూడదు అని. అది సరైన అర్థమే. కానీ తన చెవి గురించి తాను జవాబు చెప్పలేని వయసులో ఉన్న పసిబిడ్డ సంగతి ఏమిటి? ఆ చెవి బాధ్యత ఎవరిది? మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారు అన్న భావం గల దైవప్రవక్త (స) ప్రవచనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. బిడ్డ చెవి తల్లిదండ్రుల చేతిలోని అమానతు. ఈ అమానతుకు ఒక గడువు కూడా ఉంది. అసలు చెప్పవలసింది ఈ గడువు గురించే.

గడువు దాటితే ఏమవుతుంది?

పిల్లవాడు మాట్లాడేది నాలుకతో అనుకుంటాం. నిజానికి మాట పుట్టేది చెవిలో. విన్నదే పలుకుతాడు. చెవి నుంచి శబ్దం మెదడుకు చేరితేనే మెదడులో భాషకు సంబంధించిన భాగం ఎదుగుతుంది. ఈ ఎదుగుదల మొదటి మూడేళ్లలో అత్యంత వేగంగా జరుగుతుంది. ఆ కాలంలో మెదడుకు మాట గానీ సంజ్ఞ గానీ, ఏదో ఒక భాష అందకపోతే ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరడం కష్టం. ఎండిపోయిన పైరుకు వాన ఆలస్యంగా పడితే ఏమవుతుందో కర్నూలు, కడప రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. అదునులో పడిన ఒక్క పదును, అదును దాటాక కురిసిన పది వానలకు సమానం.

అందుకే వైద్యులు ఒక లెక్క చెబుతారు. ఒకటి, మూడు, ఆరు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష. లోపం ఉందని అనుమానం వస్తే మూడు నెలల లోపు నిర్ధారణ. ఆరు నెలల లోపు వినికిడి యంత్రం, శిక్షణ మొదలు. పరీక్ష అంటే భయపడవలసినది ఏమీ లేదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం లాంటి సాధనం పెట్టి కొన్ని నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష ఒకటి. తలకు చిన్న బిళ్లలు అంటించి మెదడుకు శబ్దం చేరుతున్నదా లేదా చూసే బెరా పరీక్ష ఇంకొకటి. రెండింటిలోనూ సూది లేదు, నొప్పి లేదు.

ఇంట్లోనే గమనించవలసిన గుర్తులు కూడా ఉన్నాయి. తలుపు ధడాలున పడితే పసికందు ఉలిక్కిపడాలి. మూడు నాలుగు నెలలకు అమ్మ గొంతు వింటే ఏడుపు ఆపాలి. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, ఒకటి రెండు మాటలు పలకాలి. రెండేళ్లకు రెండేసి మాటలు కలిపి చెప్పాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వినిపించని బిడ్డ కూడా మొదటి నెలల్లో ‘ఊ’ కొడతాడు, నవ్వుతాడు. ఆ తరువాతే ఆ చప్పుళ్లు తగ్గిపోతాయి. అలాగే వెనుక నుంచి చప్పట్లు కొట్టి చూస్తే గాలి కదలికకో, నేల అదురుకో, నీడకో బిడ్డ తిరగవచ్చు. ఇంటి పరీక్షలో నెగ్గాడని ఊరుకోకూడదు. అనుమానం ఉంటే ఆసుపత్రి పరీక్షే ప్రమాణం.

మనం చెప్పుకునే సాకులు

మన ప్రాంతంలో ఈ గడువు ఎలా దాటిపోతుందో చూడండి.

“వాళ్ల తాత కూడా నాలుగేళ్లకు మాట్లాడినాడు, వీడూ మాట్లాడతాడులే” అంటుంది నాయనమ్మ. తాత ఆలస్యంగా మాట్లాడి ఉండవచ్చు. కానీ తాత పిలిస్తే పలికాడు కదా, చెప్పిన పని అర్థం చేసుకున్నాడు కదా! మాట ఆలస్యం కావడం వేరు, మాట వినిపించకపోవడం వేరు.

“ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బిడ్డ తికమక పడుతున్నాడు” అంటారు కొందరు. కర్నూలు, కడప, ఆదోని, నంద్యాల, రాయచోటి పట్టణాల్లో ఇలా రెండు భాషల మధ్య పెరిగిన లక్షలాది మంది రెండింటినీ చక్కగా మాట్లాడుతున్నారు. రెండు భాషలు ఏ బిడ్డనూ మూగవాణ్ని చేయవు.

“వాళ్ల నాన్న కువైట్‌లో ఉన్నాడు, ఆయన వచ్చాక చూపిద్దాం” అనేది కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట. నాన్న వచ్చేది రెండేళ్లకోసారి. ఆ రెండేళ్లూ బిడ్డ ఫోనులో నాన్న బొమ్మను చూసి నవ్వుతాడు, నాన్న గొంతుకు మాత్రం స్పందించడు. దూరాన ఉన్న తండ్రులారా, మీరు పంపే డబ్బు కన్నా ముందు ఒక్క మాట పంపండి. “నా కోసం ఆగవద్దు, రేపే తీసుకెళ్లండి” అని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

పడమటి కర్నూలు మండలాల్లో వానలు లేక సుగ్గికి పోయే కుటుంబాలది మరో కష్టం. పత్తి, మిరప కోతలకు నెలల తరబడి ఊరు వదలిపోతే బిడ్డ టీకాలు తప్పిపోతాయి, అంగన్‌వాడీలో జరిగే పరీక్ష తప్పిపోతుంది. అలాంటి తల్లిదండ్రులు వెళ్లేముందు ఆశా కార్యకర్తకు చెప్పి టీకా కార్డు వెంట తీసుకెళ్లాలి. వెళ్లినచోట కూడా ఆ కార్డు చూపించి టీకాలు వేయించుకోవచ్చు.

ఇక తాయత్తులు, ఊదించడాలు. దుఆ చేయడం, అల్లాహ్‌ను వేడుకోవడం విశ్వాసి ఆయుధం. దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఒక గురువారం తరువాత మరో గురువారం అంటూ ఏడాది గడిపేయడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేయాలా, లేక అల్లాహ్‌పై భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు కట్టు, తరువాత భారం వేయి అని బోధించిన సంగతి తిర్మిజీలో ఉంది. అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి నివారణ లేకుండా దించలేదన్న భావం గల హదీసు బుఖారీలో ఉంది. నివారణను వెదకడం కూడా ఇబాదతే.

ఇది ఎవరి పాపమూ కాదు

సాకులన్నిటి వెనుక దాగి ఉన్న అసలు కారణం వేరు. అది సిగ్గు. బిడ్డకు వినిపించదని తెలిస్తే వాడి అక్కల పెళ్లిళ్లు ఆగిపోతాయేమో, కోడలిని నిందిస్తారేమో, వంశానికి మచ్చ వస్తుందేమో అన్న భయం. “ఏ పాపం చేసిందో”, “గ్రహణం నాడు బయటికి వచ్చిందట” అన్న గుసగుసలు.

సోదరులారా! ఏ ప్రాణీ మరొకరి భారాన్ని మోయదని ఖుర్ఆన్ (6:164) స్పష్టం చేసింది. తల్లి పాపం బిడ్డ చెవిలో కూర్చోదు. గ్రహణం విషయం కూడా దైవప్రవక్త (స) తేల్చి చెప్పారు. ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. అందుకే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకున్నారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ఆయన (స) తన దుఃఖంలో కూడా ఆ మూఢనమ్మకాన్ని ఖండించారు. అలాంటి ప్రవక్త అనుచరులమైన మనం ఇంకా గ్రహణాన్ని నిందిస్తూ కూర్చుందామా?

ఖుర్ఆన్‌లో చెవిటివారు, మూగవారు అన్న పదాలు కొన్నిచోట్ల నిందగా వచ్చాయి కదా అని కొందరు అడుగుతారు. అవి సత్యాన్ని విని కూడా తిరస్కరించేవారి గురించి వచ్చిన మాటలు. గుడ్డివయ్యేది కళ్ళు కాదు, గుండెల్లోని హృదయాలు అన్న భావం సూరా హజ్ (22:46)లో ఉంది. చెవి పనిచేయని బిడ్డ గురించి కాదు, చెవి పనిచేస్తున్నా ఆ బిడ్డ బాధను వినిపించుకోని మన గురించి భయపడవలసిన ఆయతులవి. ఖురైషు పెద్దలతో మాట్లాడుతున్న వేళ అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వస్తే ముఖం చిట్లించినందుకు అల్లాహ్ తన ప్రవక్తనే సున్నితంగా మందలించాడు. సూరా అబస అందుకు సాక్ష్యం. తరువాత ఆ అంధ సహాబీయే మదీనాలో అజాన్ పలికే బాధ్యత కూడా నిర్వహించారు.

కారణాలు, జాగ్రత్తలు

వినికిడి లోపానికి కారణాలు చాలా ఉన్నాయి. మనం అడ్డుకోగలిగినవి ముందు చూద్దాం.

గర్భిణికి మొదటి మూడు నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ చెవి, కన్ను, గుండె దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. దీనికి టీకా ఉంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం పెద్ద ఎత్తున జరిగింది. ఇప్పుడు బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి ఈ టీకా వేస్తున్నారు. టీకా మీద లేనిపోని పుకార్లు నమ్మి మన పిల్లలను ఆపుకుంటే నష్టపోయేది మన ఇళ్ళే. ఈ రోజు టీకా వేయించుకున్న ఆడపిల్ల రేపటి తల్లి.

పుట్టిన బిడ్డకు కామెర్లు తీవ్రంగా రావడం, బరువు బాగా తక్కువగా ఉండడం, పుట్టగానే ఏడవకపోవడం, రోజుల తరబడి ప్రత్యేక విభాగంలో ఉంచవలసి రావడం, మెదడువాపు, కొన్ని రకాల బలమైన సూదిమందులు, వీటన్నిటి వల్లా వినికిడి దెబ్బతినవచ్చు. ఇలాంటి చరిత్ర ఉన్న ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

చెవిలో చీము కారడం మనవాళ్లు తేలికగా తీసుకునే జబ్బు. “పెద్దయితే అదే పోతుంది” అంటారు. వెల్లుల్లి కాచిన నూనె, ఉల్లి రసం పోస్తారు. పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలుకుతారు. చీము కారే చెవిలో కర్ణభేరికి రంధ్రం పడి ఉంటుంది. అందులో పోసిన నూనె లోపలికి దిగి మరింత హాని చేస్తుంది. చెవిని పొడిగా ఉంచి, వెంటనే వైద్యునికి చూపించాలి. చిన్న వయసులో మందులతో తగ్గేది, నిర్లక్ష్యం చేస్తే శస్త్రచికిత్స దాకా పోతుంది. బిడ్డను పూర్తిగా పడుకోబెట్టి సీసాతో పాలు పట్టే అలవాటు కూడా మానాలి.

ఇక సున్నితమైన విషయం ఒకటి. దగ్గరి బంధువుల పెళ్లిళ్లు. రాయలసీమలో మతాలకు అతీతంగా మేనరికాలు ఎక్కువ. పుట్టుచెవుడులో కొంత భాగం వంశపారంపర్యంగా వస్తుంది. లోపమున్న జన్యువు ఒక్కరిలోనే ఉంటే వారికి ఏ ఇబ్బందీ తెలియదు. అదే జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు చెవుడు రావచ్చు. రక్తసంబంధీకుల్లో ఇలా ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. ఇస్లాం చిన్నాన్న, మేనమామ, మేనత్త, పిన్ని పిల్లలతో వివాహాన్ని అనుమతించింది. అయితే అనుమతి వేరు, ఆజ్ఞ వేరు. కుటుంబంలో ఇప్పటికే పుట్టుచెవుడు ఉన్నప్పుడు మళ్ళీ అదే ఇంట్లో సంబంధం వెదకడం మానుకుంటే తప్పేమీ లేదు, అది దూరదృష్టి. అలా పెళ్లి చేసుకున్నవారిని నిందించడం మాత్రం తప్పు. వారు అధర్మమేమీ చేయలేదు. వారికి పుట్టే బిడ్డలకు మొదటి నెలలోనే పరీక్ష చేయించమని సలహా ఇవ్వండి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడగండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిననాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉంది. పుట్టుచెవుడు ఆ జాబితాలో ఉన్న లోపమే. పెద్ద పరీక్షలకు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ ఆసుపత్రుల్లో చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి. బిడ్డకు శాశ్వత లోపం ఉంటే సదరం ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి. అది ముద్ర కాదు, హక్కులకు తాళంచెవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని గుర్తించింది.

సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. 1983లో ముంబయిలో స్థాపించబడిన ఈ సంస్థకు హైదరాబాదు బిడ్డ, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాల ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. వినికిడి, మాట సమస్యలకు పరీక్షలు, శిక్షణ అక్కడ లభిస్తాయి.

చికిత్సలో మొదటి మెట్టు వినికిడి యంత్రం. అది కళ్లద్దాల వంటిదే. పెట్టగానే అంతా అర్థమైపోదు, అలవాటు చేయాలి. బిడ్డ మేలుకుని ఉన్నంతసేపూ పెట్టి ఉంచాలి. పండుగకు, పెళ్లికి అందం చెడుతుందని తీసేయకూడదు. మన ఎండలకు చెమట, దుమ్ము యంత్రంలో చేరతాయి. రోజూ పొడిగుడ్డతో తుడిచి, రాత్రి తేమ పీల్చే పొట్లంతో పాటు డబ్బాలో భద్రపరచాలి. బిడ్డ చెవి పెరిగేకొద్దీ చెవి అచ్చు మార్పించాలి.

యంత్రంతో ప్రయోజనం లేనంత తీవ్రమైన లోపమైతే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. లోపలి చెవిలో సన్నని తీగను అమర్చి, వెలుపలి పరికరం ద్వారా శబ్దాన్ని నేరుగా నరానికి అందిస్తారు. ఇది లక్షల ఖర్చు. కడప జిల్లాకు చెందిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఈ శస్త్రచికిత్సకు చోటు దక్కడంతో పేదల పిల్లలకూ ఇది అందింది. ఆ పథకం 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. కేంద్ర ప్రభుత్వ ఆదిప్ పథకం కింద కూడా సహాయం ఉంది. రెండింటిలోనూ వయసు పరిమితి ఉంది. ఆలస్యం చేసినవారికి ఆ తలుపు మూసుకుపోతుంది. మరో మాట. శస్త్రచికిత్సతో పని పూర్తికాదు, సగమే అవుతుంది. ఆ తరువాత నెలలు, ఏళ్లు మాట శిక్షణ ఇప్పించాలి. శిక్షణ మానేస్తే లోపల అమర్చిన పరికరం వృథా.

కొందరు పిల్లలకు ఏ పరికరమూ సరిపడకపోవచ్చు. వారికి సంజ్ఞా భాష ఉంది. అది తక్కువరకం భాష కాదు. మూగవాని స్పష్టమైన సైగను మన ఫిఖ్హ్ పండితులు నోటిమాటతో సమానంగా పరిగణించారు. అతని నికాహ్, అతని క్రయవిక్రయాలు సైగతో చెల్లుతాయి. సైగను ధర్మం గౌరవించింది. మనమెందుకు చిన్నచూపు చూడాలి?

మక్తబ్‌లో, ఇంట్లో

మక్తబ్ ఉస్తాదులకు ఒక విన్నపం. ‘సీన్’, ‘సాద్’, ‘సే’ అక్షరాలను ఎన్నిసార్లు చెప్పినా తేడా పలకలేని పిల్లవాడు మొండివాడు కాకపోవచ్చు. వినికిడి లోపం తరచూ సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలతో మొదలవుతుంది. ఈ అక్షరాల ధ్వనులు అలాంటివే. అతనికి మీ గొంతు వినిపిస్తుంది, అక్షరాల తేడా వినిపించదు. అలాంటి బిడ్డను ముందు వరుసలో, మీ పెదవులు కనిపించేలా కూర్చోబెట్టండి. తల్లిదండ్రులకు చెప్పి పరీక్షకు పంపండి. కోపంలో చెంప మీద, చెవి మీద కొట్టిన దెబ్బకు కర్ణభేరి చిరిగిపోగలదు. ఖుర్ఆన్ నేర్పే చేతితో ఖుర్ఆన్ వినే చెవిని పోగొట్టకండి.

తల్లులారా! బిడ్డ ఎదుట, వెలుతురులో, అతని కంటి ఎత్తుకు వంగి మాట్లాడండి. అరవనక్కరలేదు, స్పష్టంగా చెబితే చాలు. అన్నం కలుపుతూ, బట్టలు మడుస్తూ చేసే ప్రతి పనినీ మాటల్లో చెప్పండి. వినిపించదని మౌనంగా ఉండకండి. వుజూ, నమాజు చూపించి నేర్పండి. వాటిని పిల్లలు కళ్లతోనే చాలా నేర్చుకుంటారు. పేరుండగా “చెవిటోడా” అని పిలవనీయకండి. చెడ్డ పేర్లతో పిలుచుకోవడాన్ని సూరా హుజురాత్ (49:11) నిషేధించింది.

మన చరిత్రలో ‘అసమ్మ్’, అంటే చెవిటివారు అన్న పేరుతో ప్రసిద్ధులైన ఇద్దరు మహనీయులు ఉన్నారు. ఒకరు ఖురాసాన్‌కు చెందిన హాతిమ్ అసమ్మ్. నిజానికి ఆయనకు చెవుడు లేదని చెబుతారు. ఒక స్త్రీ ఆయనను ఏదో ప్రశ్న అడగడానికి వచ్చి, అనుకోకుండా అపానవాయువు వెలువడి సిగ్గుతో కుంగిపోయింది. ఆయన వెంటనే “గట్టిగా చెప్పమ్మా, నాకు వినిపించదు” అన్నారట. ఆమె సిగ్గు తీరింది. ఆ పేరు ఆయనకు జీవితాంతం నిలిచిపోయింది. ఒకరి సిగ్గు కాపాడడానికి ఆయన చెవిటితనాన్ని తన మీద వేసుకున్నారు. మనం బిడ్డ చెవిటితనాన్ని సిగ్గుగా భావించి దాచిపెడుతున్నాం!

రెండవవారు నైసాబూరుకు చెందిన ఇమామ్ అబుల్ అబ్బాస్ అసమ్మ్ (హిజ్రీ 247-346). విద్యార్థిగా దేశాలు తిరిగి హదీసులు సేకరించి వచ్చిన తరువాత ఆయన వినికిడి క్షీణించింది. చివరికి గాడిద ఓండ్రింపు కూడా వినిపించని స్థితి వచ్చింది. అయినా ఆయన దశాబ్దాల పాటు హదీసులు బోధించారు. ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు ఆయన దగ్గరికి ప్రయాణించి వచ్చారు. ఇమామ్ షాఫయీ (రహ్మ) గ్రంథాలను తరువాతి తరాలకు అందించినవారిలో ఆయన ఒకరు. అంతే కాదు, తన మస్జిదులో డెబ్భై ఏళ్ల పాటు ఆయనే అజాన్ పలికారని చరిత్రకారులు రాశారు. తన గొంతు తనకే వినిపించని మనిషి ఊరంతటినీ నమాజుకు పిలిచాడు! ఆ ఊరివాళ్లు ఆయనను మూల కూర్చోబెట్టలేదు. మినార్ దగ్గర నిలబెట్టారు.

మస్జిద్ కమిటీలు ఏం చేయగలవు?

ఎదుటివారు నమాజులో ఉన్నా పసిబిడ్డ ఏడుపు విని దైవప్రవక్త (స) నమాజును త్వరగా ముగించేవారని బుఖారీలో ఉంది. తల్లి మనసు కలత చెందుతుందని. వినిపించని బిడ్డను, చెప్పుకోలేని తల్లిని పట్టించుకోవడం ఆ సున్నతులో భాగమే. చెవిటివానికి అర్థమయ్యేలా చెప్పడం కూడా సద్కాయేనన్న భావం అబూజర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ముస్నద్ అహ్మద్‌లో ఉంది.

ప్రతి మస్జిద్ మూడు పనులు చేయవచ్చు. ఒకటి, అఖీఖా విందుకు పిలిచిన ప్రతి ఇంటివారినీ “చెవి పరీక్ష చేయించారా?” అని ఇమామ్ సాహెబ్ అడగాలి. రెండు, జకాత్‌కు అర్హత గల పేద కుటుంబాలకు యంత్రం ఇప్పించడంతో ఆగకుండా, బ్యాటరీలకు, చెవి అచ్చులకు, శిక్షణ కోసం పట్నం వెళ్లే బస్సు ఖర్చులకు నెలనెలా సహాయం చేయాలి. చాలా యంత్రాలు చెడిపోయి కాదు, బ్యాటరీ కొనలేక గూట్లో పడి ఉంటున్నాయి. మూడు, సంజ్ఞా భాష తెలిసిన యువకుడు ఒకరుంటే జుమా నాడు ఖుత్బా సారాంశాన్ని వినికిడి లేనివారికి చెప్పే బాధ్యత అప్పగించాలి. వారూ ఈ ఉమ్మత్‌లో భాగమే. వారి మీదా జుమా ఉంది.

సహోదరులారా! సబ్ర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. చేయవలసిన ప్రయత్నమంతా సకాలంలో చేసి, ఫలితం ఏదైనా అల్లాహ్ పట్ల సంతృప్తితో ఉండడమే సబ్ర్. ప్రయత్నించిన తరువాత కూడా బిడ్డకు వినిపించకపోతే, ఆ బిడ్డ మీకు శిక్ష కాదు, పరీక్ష. ఆ పరీక్షలో సహనం వహించినవారి ప్రతిఫలం లెక్కకు మించినదని అల్లాహ్ వాగ్దానం (39:10). కానీ ప్రయత్నించకుండా గడువు దాటబెడితే ప్రళయదినాన ఆ చిన్న చెవి గురించి అడిగినప్పుడు ఏం చెబుతాం? నాయనమ్మ అలా అన్నదని చెబుతామా? బంధువులేమనుకుంటారోనని దాచామని చెబుతామా?

ఈ పత్రిక పక్కన పెట్టగానే మీ ఇంట్లో, మీ వీధిలో రెండేళ్లు దాటినా మాట రాని బిడ్డ ఎవరైనా ఉన్నారేమో గుర్తుచేసుకోండి. ఆ తల్లికి ఈ సంగతి చెప్పండి. వీలైతే ఆసుపత్రికి తోడు వెళ్లండి.

ఓ అల్లాహ్! మా వినికిడిలో, మా చూపులో, మా సంతానంలో శుభం ప్రసాదించు. వ్యాధిగ్రస్తులైన మా బిడ్డలకు స్వస్థత చేకూర్చు. వినలేని మా బిడ్డలకు విజ్ఞాన ద్వారాలు తెరువు. వారి తల్లుల గుండెలకు నిబ్బరాన్నివ్వు. వినగలిగీ వినిపించుకోనివారిలో మమ్మల్ని చేర్చకు. ఆమీన్!